బ్రోమోను 'బ్రహ్మ పర్వతం' అని రాయవచ్చునా?

ప్రశ్న:
ఇండోనేషియాలో తూర్పు జావాకు వెళ్ళి బ్రోమో అగ్నిపర్వతాన్ని చూసి వచ్చాను. ఆ యాత్ర గురించి ఒక వ్యాసం రాస్తున్నాను. ఆ పేరు మన బ్రహ్మ నుంచే వచ్చిందని అక్కడి గైడు చెప్పారు. అలాంటప్పుడు తెలుగులో 'బ్రహ్మ పర్వతం' అని రాయడం సబబేనా, లేక 'బ్రోమో' అనే ఉంచాలా? పెద్దలు చెప్పగలరు.

జవాబు:
గైడు గారు చెప్పినది నిజమే. జావా భాషలో పదం చివర వచ్చే 'అ'కారం 'ఒ'కారానికి దగ్గరగా పలుకుతుంది. దాని ముందున్న అక్షరం హల్లుతో మూతపడకుండా ఉంటే, అక్కడి 'అ'కారం కూడా అదే దారి పడుతుంది. 'బ్రహ్మ'లోని హకారం జారిపోయి 'బ్రమ' అయినది కాబట్టి రెండు అచ్చులూ మారి 'బ్రోమో'గా నిలిచింది. మనందరికీ తెలిసిన ఇండోనేషియా తొలి అధ్యక్షుడు సుకర్ణో పేరు కూడా ఇలాంటిదే. భారతంలోని కర్ణుడి పేరే అది. కాకపోతే 'కర్' అనేది హల్లుతో మూతపడిన అక్షరం గనుక అక్కడి 'అ'కారం చెక్కుచెదరలేదు, చివరిది మాత్రమే మారింది. బ్రహ్మను 'బమ్మ' చేసుకున్న మనకు ఇందులో వింత ఏమీ కనిపించకూడదు.

అయినా 'బ్రహ్మ పర్వతం' అని రాయవద్దనే నా సలహా. కారణం ఉచ్చారణ కాదు, అర్థం. పాత జావా భాషలో 'బ్రహ్మ' అనే మాటకు దేవుడనే అర్థంతోపాటు నిప్పు అనే అర్థం కూడా స్థిరపడింది. నేటికీ వారి కావ్యభాషలో 'బ్రమ' అంటే నిప్పే. జావా, బాలి సంప్రదాయాలలో బ్రహ్మ దక్షిణ దిక్కుకు, ఎరుపు రంగుకు, అగ్నికి అధిదేవత. విష్ణువు ఉత్తరానికి, నలుపుకు, నీటికి అధిదేవత. కాబట్టి ఆ నేలపై పుట్టి పెరిగిన మనిషి చెవికి 'బ్రోమో' అన్న పేరులో నిప్పుకొండ అనే ధ్వని కూడా ఉంటుంది. 'బ్రహ్మ పర్వతం' అని చదివిన తెలుగు పాఠకుడికి మాత్రం తామరపువ్వులో కూర్చుని నుదుట రాత రాసే నలువ గుర్తుకొస్తాడు, నిప్పు గుర్తుకు రాదు. పొరుగుదేశంలో సంస్కృతపదం కనబడగానే 'ఇది మనదే' అని వెనక్కి లాక్కునే అలవాటు మనలో కొంత ఎక్కువే. 'బ్రహ్మజెముడు' అన్నప్పుడు మనం మాత్రం నాలుగు తలల దేవుణ్ణి తలచుకుంటున్నామా?

వ్యాసంలో ఆ కొండ కథను, దాని మాటలతో సహా చెబితే ఇంకా బాగుంటుంది. జావాలోని పూర్వపు మజాపహిత్ రాజ్యం నాటి హిందూ ప్రజల వారసులమని చెప్పుకునే, బ్రోమో చుట్టుపక్కల నివసించే టెంగర్ ప్రజలు రోరో అంతెంగ్, జోకో సెగెర్ అనే దంపతులను మూలపురుషులుగా తలుస్తారు. ఇద్దరి పేర్ల చివరి భాగాలు కలిసి 'టెంగర్' అయిందని వారి నమ్మకం. సంతానం లేక మొక్కుకున్న ఆ దంపతులకు 25 మంది పిల్లలు కలిగారు. చివరి బిడ్డను ఇస్తామన్న మాట తప్పబోతే కొండ మండిపడి, కుసుమ అనే ఆ కుర్రవాణ్ణి తనలోకి తీసుకుంది. అందుకే ఏటా 'యద్న్య కసద' పండుగనాడు కూరగాయలు, కోళ్ళు, మేకలు, డబ్బు బిలంలోకి విసురుతారు. 'యద్న్య' మన యజ్ఞమే. 'కసద'లోని 'సద' జావా రైతుల ఋతువుల లెక్కలో 12వ నెల పేరు, అది ఆషాఢం నుంచి వచ్చింది. శ్రావణంతో లెక్క మొదలుపెట్టారు గనుక అది వారికి చివరి నెల అయింది. పండుగనాడు బిలం లోపలి వాలుమీద, గంధకపు పొగలో, పొడవాటి కర్రలకు వలలు కట్టుకుని నిలబడ్డ మనుషులు పైనుంచి పడేవాటిని గాలిలోనే పట్టుకుంటారు. మొక్కు తీర్చేవారికి అది తప్పుగా తోచదట. కొండకు చేరవలసింది విసరడంతోనే చేరిపోయింది.

మరొక మాట. మీరు జీపులో దాటిన బూడిదరంగు మైదానాన్ని వారు 'సెగొరొ వెడి' అంటారు. 'సెగొరొ' మన సాగరమే, 'వెడి' వారి సొంత మాట, ఇసుక అని అర్థం. దీనిని 'ఇసుక సముద్రం' అని నిస్సంకోచంగా తెలుగు చేయవచ్చు, ఎందుకంటే అది వర్ణన. 2,329 మీటర్ల ఎత్తున 2010లోనూ 2015లోనూ బూడిద చిమ్మిన బ్రోమో మాత్రం సంజ్ఞానామం, అంటే ఆ కొండ సొంత పేరు, కాబట్టి దానిని అలాగే ఉంచాలి.

ప్రశ్న:
ధన్యవాదాలండీ. మరి పక్కనున్న సెమేరును 'సుమేరువు' అనడం కూడా తప్పేనా?

జవాబు:
అక్కడ మీకు కొంత వెసులుబాటు ఉంది. జావా దీవి నిలకడ లేక ఊగిపోతుంటే దేవతలు జంబూద్వీపం నుంచి మహామేరువును మోసుకొచ్చారని పాత జావా కథ. మొదట పడమట నిలిపితే దీవి అటు ఒరిగిందట. తూర్పుకు తరలిస్తుంటే దారిపొడవునా రాలిన ముక్కలే కొండలయ్యాయట. 3,676 మీటర్ల సెమేరు శిఖరాన్ని వారు నేటికీ 'మహామేరు' అనే పిలుస్తారు. కొండను 'సెమేరు' అని, శిఖరాన్ని 'మహామేరువు' అని రాయండి. రెండూ వారి మాటలే.