డాలస్ టీవీ టవర్లకి 70 మైళ్ళ దూరంలో ఇల్లు, యాంటెన్నాలో ఛానల్ 8 అస్సలు రావట్లేదు

నల్లరేగడి:
అందరికీ నమస్తే. ఈమధ్యే ఫ్రిస్కో నుంచి లెనర్డ్ దగ్గర ఒక పాత ఫార్మ్ హౌస్‌కి మారాం, కొంచెం పొలం, ఇంటి చుట్టూ పెద్ద పెద్ద పెకాన్ చెట్లు. కేబుల్ లేదు, ఇంటర్నెట్ ఏమో సెల్ టవర్ నుంచి వచ్చేదే, గాలివాన మొదలైతే ముందు పోయేది అదే. మేం ఆఫీసులకి వెళ్తే ఇంట్లో అమ్మా నాన్నా ఇద్దరే ఉంటారు, టోర్నడో సీజన్‌లో వాళ్ళకి లోకల్ వెదర్ టీవీలో కనపడాలి, నాకు కావల్సింది అంతే, తెలుగు ఛానళ్ళు ఎలాగూ యాంటెన్నాలో రావు. 200 మైళ్ళు అని డబ్బా మీద రాసున్న ఫ్లాట్ యాంటెన్నా అటక మీద ఉంది, పైన రేకుల కప్పు. తెల్లారగట్ల కొన్ని ఛానళ్ళు శుభ్రంగా వస్తాయి, ఎండెక్కితే బొమ్మ ముక్కలు ముక్కలు. ఛానల్ 8 మాత్రం ఏ టైంలోనూ లేదు. కేబుల్ వైరు 100 అడుగుల దాకా ఉంది, నాలుగు టీవీలకి స్ప్లిటర్. పెద్ద యాంప్లిఫయర్ కొంటే సరిపోతుందా?

గోదారిగట్టు:
ముందు ఆ 200 మైళ్ళ సంగతి వదిలేయండి, అలాంటి యాంటెన్నా లేదు. డాలస్ మెయిన్ ఛానళ్ళ టవర్లన్నీ సీడర్ హిల్‌లో ఉన్నాయి, 1500 అడుగుల టవర్ అనుకున్నా భూమి వంపు వల్ల సిగ్నల్ నేరుగా వచ్చేది 55 మైళ్ళ చిల్లర, మీ వైపు 30 అడుగుల ఎత్తులో యాంటెన్నా పెడితే ఇంకో 7, 8 మైళ్ళు కలుస్తాయి. అంటే మీ ఇల్లు ఆ అంచు దాటి ఉంది, వచ్చేది వంగి వచ్చే బలహీనమైన సిగ్నలే. తెల్లారగట్ల బాగా రావడానికి కారణం, రాత్రి చల్లబడ్డ నేల మీద గాలి పొరలు సిగ్నల్‌ని కిందికి వంచుతాయి, ఎండొచ్చాక ఆ పొర చెదిరిపోతుంది.

ఇక ఛానల్ 8. డాలస్ పెద్ద స్టేషన్లలో చాలావరకు యూహెచ్ఎఫ్‌లో, అంటే ఎక్కువ ఫ్రీక్వెన్సీల్లో ఉంటే, మీ ఛానల్ 8 అయిన డబ్ల్యూఎఫ్ఏఏ (ఏబీసీ స్టేషన్) మాత్రం నిజంగానే అంతకన్నా కింద ఉండే వీహెచ్ఎఫ్‌లో 8 మీద, అంటే 180 నుంచి 186 మెగాహెర్ట్జ్‌లో వస్తుంది. ఆ ఫ్రీక్వెన్సీకి యాంటెన్నా కడ్డీ 32 అంగుళాల దాకా ఉండాలి, మీ ఫ్లాట్ దాంట్లో అంత చోటెక్కడిది. పైగా రేకు కింద పెట్టారు, ఇనప రేకు సిగ్నల్‌ని పైనే ఆపేస్తుంది. బయట మాస్ట్ (పొడవాటి స్తంభం) మీద పెద్ద యూహెచ్ఎఫ్ యాంటెన్నా ఒకటి, దానికి మూడు నాలుగు అడుగుల ఎడంలో హై-వీహెచ్ఎఫ్ యాగీ (వరసగా కడ్డీలు ఉండే యాంటెన్నా) ఒకటి, రెండూ నైరుతి వైపు సీడర్ హిల్‌కే తిప్పి, రెండు వైర్లనీ ఒకటి చేసే కాంబైనర్‌తో కలపండి.

యాంప్లిఫయర్ మంచిదే కానీ టీవీ పక్కన పెడితే దండగ. 100 అడుగుల ఆర్‌జీ-6 వైరులో పైన ఉండే యూహెచ్ఎఫ్ ఛానళ్ళకి 5, 6 డీబీ (డెసిబెల్స్) సిగ్నల్ పోతుంది, నాలుగు దారుల స్ప్లిటర్‌లో ఇంకో 7. అంత పోయి నాయిస్‌లో కలిసిపోయాక పెంచితే నాయిస్ కూడా పెరుగుతుంది. అందుకే ప్రీయాంప్, అంటే సిగ్నల్‌ని మొదట్లోనే పెంచే యాంప్లిఫయర్, యాంటెన్నా పక్కనే మాస్ట్ మీద ఉండాలి, దాని పవర్ ఇచ్చే డబ్బా ఇంట్లో స్ప్లిటర్‌కి ముందు పెట్టాలి. సెల్ టవర్ దగ్గరుంటే ప్రీయాంప్ ముందు ఫోన్ సిగ్నళ్ళని ఆపే ఎల్‌టీఈ ఫిల్టర్ కూడా పెట్టండి, టీవీ ఛానళ్ళు 608 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగితే 617 నుంచే ఫోన్ సిగ్నళ్ళు మొదలు.

ఓరుగల్లు బిడ్డ:
అన్న చెప్పింది కరెక్టే, ఒక్కటి కలుపుతున్న. పొలం అంటున్రు కదా, కరెంట్ ఫెన్స్ ఉందా? ఫెన్స్ చార్జర్, బోరు మోటార్, చీప్ ఎల్ఈడీ బల్బులు, ఇవన్నీ వీహెచ్ఎఫ్‌ల మస్తు నాయిస్ పెడ్తయి. ఒక్కో బ్రేకర్ బంద్ చేసుకుంట ఛానల్ 8 సిగ్నల్ మీటర్ చూడున్రి, దొంగ ఎవడో తెలుస్తది.

ఇంకోటి, మీకు ఉత్తరం దిక్కు షెర్మన్ టీవీ స్టేషన్లు కూడా ఉన్నయి. కేఎక్స్ఐఐల సీబీఎస్, కేటెన్‌ల ఎన్‌బీసీ, అండ్ల 10.3 మీద ఏబీసీ. అంటే 8 రాకున్నా ఏబీసీకి ఇంకో దారి ఉన్నట్టే. కానీ ఉత్తరం దిక్కు పెట్టే యాంటెన్నాను డాలస్ దానితోని ఉత్తగనే స్ప్లిటర్ తిప్పి కలపకున్రి, రెండూ ఒకదాన్నొకటి చెడగొడ్తయి. వేరే ట్యూనర్‌కి ఇయ్యున్రి.

నల్లరేగడి:
చాలా థాంక్స్ ఇద్దరికీ. ఫెన్స్ చార్జర్ ఉంది, మేం అటు ఆలోచించనే లేదు, సాయంత్రం బ్రేకర్లు చూస్తా. మాస్ట్ ఇంటి గోడకే బిగించి 40 అడుగుల దాకా లేపుదాం అనుకుంటున్నాం, చెట్ల పైకి రావాలి కదా. మా నాన్నగారు నేనే ఎక్కుతా అంటున్నారు.

మున్నేరు:
అంకుల్‌ని మాత్రం ఎక్కనివ్వకండి అండి, ప్లీజ్. 40 అడుగులంటే గోడ బ్రాకెట్లు ఒక్కటీ చాలవు, పక్కలకి లాగి కట్టే గై వైర్లు కట్టాలి, కింద నుంచి పడుకోబెట్టి లేపే మాస్ట్ తీసుకుంటే యాంటెన్నాలు నేల మీదే బిగించుకోవచ్చు. కరెంటు తీగలకి మాస్ట్ పొడవుకన్నా ఎక్కువ దూరంలో ఉండాలి, పడినా తగలకూడదు. మాస్ట్‌నీ, వైరు ఇంట్లోకి వచ్చే చోట గ్రౌండ్ బ్లాక్‌నీ 10 గేజ్ రాగి తీగతో ఇంటి మెయిన్ గ్రౌండింగ్‌కి కలపండి, మన ఏరియాలో పిడుగులు తెలిసిందే కదా.

ఇంకా అమ్మగారు నాన్నగారి కోసం అంటున్నారు కాబట్టి, యాంటెన్నా పని ఎలా ఉన్నా ఈ వారమే ఒక నోవా (ప్రభుత్వ వాతావరణ సంస్థ) వెదర్ రేడియో కొని వాళ్ళ మంచం పక్కన పెట్టండి, బ్యాటరీతో నడిచేది, మీ కౌంటీ కోడ్ పెట్టుకుంటే రాత్రి పూట వార్నింగ్ వచ్చినా దానంతట అదే మోగుతుంది. ఇంగ్లీష్ స్పీడుగా మాట్లాడుతుంది, అర్థం కాకపోయినా ఆ సౌండ్ వస్తే కిటికీలు లేని గదిలోకి వెళ్ళాలని ముందే చూపించి ఉంచండి.