అప్‌డేట్: దేవరకొండ దగ్గరి గులకరాళ్ల బీడు

మా ఎర్ర చెలక బీడులో గడ్డి నిలవడం లేదు, పైనున్న గులకరాళ్లు ఏరించాలా అని వానలకు ముందు ఇక్కడ అడిగాను. సలహా ఇచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. రాళ్లు ఏరించలేదు.

ముందు గుంత తవ్వి చూశాం. పైన జానెడు లోతు ఎర్రటి గరుకు మట్టి, దాని కింద గడ్డపారతో పొడిస్తే పలుకులుగా రాలే మొరం, ఆ కింద గ్రానైటు. పైమట్టిని 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి తూస్తే బరువులో దాదాపు సగం రాళ్లే. ఇది గమనించాల్సిన విషయం: ప్రయోగశాలలో పరీక్షించేది జల్లెడ దిగిన మట్టినే. నివేదికలో పోషకాలు ఫరవాలేదన్నట్టు కనిపించినా, నేలలో సగం రాళ్లే కాబట్టి గడ్డి వేళ్లకు అందేది అందులో కొంతే. నీటి సంగతీ అంతే. వాన వెనక్కి తగ్గగానే గడ్డి వాడిపోతోంది.

అయితే పైనున్న రాళ్లు చినుకు దెబ్బను కాస్తాయి, తేమ ఆవిరి కాకుండా ఆపుతాయి. రాళ్లు ఏరేసిన పక్క చెలకలో నేల పెచ్చు కట్టి నీరంతా జారిపోతోంది. అందుకే వాలుకు అడ్డంగా రాతి కట్టలు మాత్రం వేసి, స్టైలో (పప్పుజాతి పశుగ్రాసం), అంజన్ గడ్డి విత్తనాలు చల్లాం. స్టైలో బాగా పట్టింది, అంజన్ పలచగా ఉంది. విత్తనం రాలే వరకు గొర్రెలను లోపలికి తోలకుండా ఉండేందుకు కాపరులు ఒప్పుకున్నారు.