ఇన్వెంటరీలో వీల్ అని ఉంది, రోల్ మాత్రం రూట్ అంటోంది

రాత్రిడ్యూటీ:
అందరికీ నమస్తే. నా చేతిలో 14 సర్వర్లున్నాయి: తొమ్మిది డెబియన్ లినక్స్, నాలుగు ఫ్రీబీఎస్‌డీ, ఒకటి ఓపెన్‌బీఎస్‌డీ. అన్నిటికీ అన్సిబుల్‌లో (చాలా సర్వర్లను ఒకేచోట నుంచి సెటప్ చేసే టూల్) ఒకే రోల్‌తో, అంటే ఒకే టాస్కుల మూటతో, ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్ కాన్ఫిగ్ పంపుతున్నాను. బీఎస్‌డీల్లో రూట్ అనే యూజర్ గ్రూపే ఉండదు కదా, దాని బదులు వీల్. అందుకే గ్రూప్ వార్స్‌లో (ఒక్కో సర్వర్ల గుంపుకి వేరియబుల్ విలువలు రాసే చోటు) ఆ రెండు బీఎస్‌డీలకీ విడివిడిగా ఫైళ్లు పెట్టి, ఫైల్_గ్రూప్ అనే వేరియబుల్‌కి వీల్ అని రాశాను.

రన్ చేస్తే డెబియన్లన్నీ పచ్చగా వెళ్లిపోయాయి. మిగతా ఐదూ ఎర్రగా ఆగిపోయాయి, రూట్ అనే గ్రూప్ దొరకలేదట. సర్వర్ల జాబితానీ వాటికి రాసిన విలువల్నీ చూపే అన్సిబుల్ ఇన్వెంటరీ కమాండ్‌తో ఒక్కో హోస్ట్‌నీ (సర్వర్‌నీ) అడిగి చూశా, అక్కడ శుభ్రంగా వీల్ అనే ఉంది! రెండు గంటలు స్పెల్లింగు, స్పేసులు వెతికాను. ఇక కళ్లు తిరుగుతున్నాయి.

పాతషెల్:
రోల్ లోపల వార్స్ ఫోల్డర్ ఉందా? అందులోని మెయిన్ ఫైల్‌లో ఇదే పేరు ఉందేమో చూడండి.

రాత్రిడ్యూటీ:
ఉందండి, రూట్ అని. ఎవరూ ఏమీ ఇవ్వకపోతే పనికొస్తుందిలే అని నేనే పెట్టా.

పాతషెల్:
దొంగ ఇంట్లోనే ఉన్నాడు. రోల్ వార్స్ అనేది గ్రూప్ వార్స్, హోస్ట్ వార్స్ (ఒక్కో సర్వర్‌కి విడిగా రాసేవి) రెండింటికంటే పైమెట్టు, అంటే ఒకే పేరు రెండు చోట్లా ఉంటే దీని విలువే గెలుస్తుంది. మీరు అనుకున్న పని చేసేది డీఫాల్ట్స్ ఫోల్డర్, అది అన్నిటికంటే కింద. ఆ లైన్‌ని అక్కడికి మార్చండి చాలు. ఇన్వెంటరీ కమాండ్‌కి రోల్ లోపల ఏముందో తెలియదు, అందుకే మీకు వీల్ అని చెప్పి ఊరుకుంది. నిజంగా ఏ విలువ అందుతోందో చూడాలంటే రోల్‌లోనే దాన్ని ప్రింట్ చేసే ఒక డీబగ్ టాస్క్ పెట్టాలి. ఈ పేర్లు పెట్టినవాళ్లని నేనూ చాలాసార్లు తిట్టుకున్నాను.

పైప్‌లైన్:
ఇదంతా ఎందుకు? ఓఎస్ ఫ్యామిలీ ఫ్యాక్ట్ (సర్వర్‌లో ఏ ఓఎస్ ఉందో అన్సిబుల్ తానే కనుక్కునే వివరం) చూసి, ఇంక్లూడ్ వార్స్‌తో డెబియన్‌కి ఒక ఫైల్, ఫ్రీబీఎస్‌డీకి ఒక ఫైల్ లోడ్ చేస్తే పోలా? నేను ఏళ్లుగా అదే చేస్తున్నాను.

పాతషెల్:
యూజర్ పేరు, కాన్ఫిగ్ పాత్ లాంటివైతే మీదే మంచి దారి. డెబియన్‌లో ఈటీసీ కింద ఉండే ఎన్‌జిన్‌ఎక్స్ ఫోల్డర్ ఫ్రీబీఎస్‌డీలో యూజర్ లోకల్ ఈటీసీ కింద ఉంటుంది, అది రేపు మారేది కాదు. కానీ ఇంక్లూడ్ వార్స్ రోల్ వార్స్‌కన్నా ఇంకా పైమెట్టు. ఏదో ఒక సర్వర్‌కి మినహాయింపు ఇద్దామని హోస్ట్ వార్స్‌లో రాస్తే అది చెల్లదు.

రాత్రిడ్యూటీ:
డీఫాల్ట్స్‌లోకి మార్చా, ఐదూ పచ్చబడ్డాయి. థ్యాంక్సండీ! ఇప్పుడు ఇంకో తలనొప్పి. కాన్ఫిగ్ టెస్ట్‌కి రెండు టాస్కులున్నాయి, ఒకటి డెబియన్‌కి, దాని తర్వాతది బీఎస్‌డీకి. రెండూ ఫలితాన్ని టెస్ట్_రిజల్ట్ అనే ఒకే వేరియబుల్‌లో రిజిస్టర్ చేస్తున్నాయి, అంటే దాచుకుంటున్నాయి. ఇప్పుడేమో డెబియన్‌లో అవుట్‌పుట్ మాయం.

పైప్‌లైన్:
ఇది నేనూ తిన్న దెబ్బే. టాస్క్ స్కిప్ అయినా రిజిస్టర్ మాత్రం జరుగుతుంది. డెబియన్‌లో మొదటిది సరిగ్గానే నడిచింది, రెండోది స్కిప్ అయి, “స్కిప్ అయింది” అన్న సమాచారాన్ని అదే పేరు మీద రాసేసింది. పేర్లు వేరు చేయండి. లేదా కమాండ్ పాత్‌నే వేరియబుల్ చేసి ఒక్క టాస్క్‌తో సరిపెట్టండి.

రాత్రిడ్యూటీ:
ఒక్క టాస్క్ చేసేశా. ఓపెన్‌బీఎస్‌డీ కూడా పాసైంది.