ఇంటి సబ్బులో ఖనిజ రంగులు: రెడ్ ఆక్సైడ్, నీలిమందు, సిందూరం, మైకా వాడవచ్చా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. కొబ్బరినూనె, తవుడు నూనె, కొద్దిగా ఆముదం కలిపి కోల్డ్ ప్రాసెస్ (నూనెలో కాస్టిక్ సోడా నీళ్లు కలిపి, ఉడికించకుండా గట్టిపడనిచ్చే) పద్ధతిలో మా ఇంటి మట్టుకు సబ్బులు చేసుకుంటున్నాను. పసుపు వంటివి కాస్టిక్ సోడా తగలగానే ఎర్రబడి, కొన్ని వారాలకు గోధుమ రంగుకు తిరుగుతాయి గనుక ఖనిజ రంగులు వాడుదామని అనుకుంటున్నాను. అవి భూమిలోంచి తీసినవే కాబట్టి ఒంటికి ఏ హానీ ఉండదని తెలిసినవారు చెప్పారు. ప్రస్తుతం నా దగ్గర గచ్చుకు వాడగా మిగిలిన రెడ్ ఆక్సైడ్, బట్టలకు పెట్టే నీలిమందు పొడి, పూజా సామగ్రి దుకాణంలో కొన్న నారింజ రంగు సిందూరం, ఆన్‌లైన్‌లో తెప్పించిన నీలి మైకా (మెరుపు రంగు పొడి) ఉన్నాయి. ఇంట్లో ఏడాదిన్నర పాప ఉంది. వీటిలో ఏవి కలపవచ్చో దయచేసి చెప్పండి.

జవాబు

అమ్మా, అన్నిటికంటే ముందు ఆ సిందూరాన్ని సబ్బు సామాన్ల దగ్గరనుంచి తీసి వేరే పెట్టండి. నారింజ రంగు సిందూరం సంప్రదాయికంగా సీసపు ఆక్సైడే. ఇప్పుడు బజారులో దొరికేది అదో, మరేదైనా రంగు కలిపిన పొడో చూపుతో పోల్చలేము. సీసం చెక్కుచెదరని చర్మం గుండా లోపలికి పోయేది చాలా తక్కువన్న మాట నిజమే కానీ, ఏడాదిన్నర పిల్లలు స్నానాల గదిలో సబ్బు ముక్కను, తడి చేతిని నోట్లో పెట్టుకోకుండా ఉండరు. సీసం వల్ల అసలైన ప్రమాదం నోటి ద్వారా, దుమ్ము ద్వారానే. పైగా పిల్లల మెదడు ఎదుగుదల విషయంలో ఇంతవరకు ఫరవాలేదని చెప్పదగిన సీసం మోతాదు లేదు. మన దేశంలో రంగు కోసం సీసం, ఆర్సెనిక్ సమ్మేళనాలను కాస్మెటిక్స్‌లో కలపడాన్ని చట్టమే నిషేధించింది.

భూమిలోంచి వచ్చింది గనుక హాని ఉండదన్న మాటను పూర్తిగా పక్కన పెట్టమని నా మనవి. ఇంగిలీకం పాదరసపు ఖనిజం, హరిదళం, మణిశిల రెండూ ఆర్సెనిక్ ఖనిజాలు. మూడూ భూమిలోంచి వచ్చినవే, మూడూ చక్కటి రంగులే. ఎర్రమన్నుకు రంగునిచ్చే ఐరన్ ఆక్సైడ్ స్వతహాగా నిరపాయకరమైనదే అయినా, గనిలో అది ఒంటరిగా ఉండదు. దాన్ని అంటిపెట్టుకుని ఆర్సెనిక్, సీసం కొద్దిగానో గొప్పగానో ఉండవచ్చు. ఈ కారణం చేతనే సౌందర్య సాధనాలలో వాడే ఐరన్ ఆక్సైడ్లను ఇప్పుడు కర్మాగారంలో ఇనుప లవణాల నుంచి తయారుచేస్తారు. అమెరికాలో ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వీటికి విధించిన హద్దు సీసం 10 పీపీఎం (పది లక్షల భాగాల్లో 10 భాగాలు), ఆర్సెనిక్ 3 పీపీఎం, పాదరసం 3 పీపీఎం. కాబట్టి ఈ రంగుల విషయంలో కృత్రిమమైనదే శుభ్రమైనది. వినడానికి ఎంత వింతగా ఉన్నా సంగతి అదే.

మీ దగ్గరున్న గచ్చు రెడ్ ఆక్సైడ్ కూడా ఐరన్ ఆక్సైడే. సబ్బులో బాగానే కలుస్తుంది, రంగూ నిలుస్తుంది. అయితే దాన్ని సిమెంటులో కలపడానికి తయారుచేశారే గాని ఒంటికి రాయడానికి కాదు. అందులో సీసం వంటి భార లోహాలెంత ఉన్నాయో ఎవరూ పరీక్షించి ఉండరు. కొన్నిటిలో నాసిరకపు పూరకాలూ ఉంటాయి. కాస్మెటిక్ గ్రేడ్ (సౌందర్య సాధనాల కోసం చేసిన) ఐరన్ ఆక్సైడ్ ఏభై గ్రాములు కొంటే ఇంటి అవసరానికి ఏళ్ల తరబడి వస్తుంది. ఆ మాత్రం ఖర్చు కోసం గచ్చు పొడిని నమ్ముకోవడం అనవసరం.

నీలిమందు సంగతి కొంచెం ఆసక్తికరమైనది. బట్టల నీలిమందు పొడిలో సాధారణంగా ఉండే రంగు అల్ట్రామెరైన్. ఒకప్పుడు అఫ్గానిస్తాన్‌లోని బదక్షాన్ గనుల లాజవర్దం అనే నీలి రాయిని నూరి తీసేవారు. 19వ శతాబ్దం నుంచి కర్మాగారాల్లో చైనా మట్టి, సోడా, గంధకం కలిపి కాల్చి చేస్తున్నారు. కాస్టిక్ సోడా వంటి క్షారానికి ఇది చలించదు గనుక కోల్డ్ ప్రాసెస్ సబ్బుకు దీనికంటే నమ్మకమైన నీలం లేదు. ఆమ్లం తగిలితే మాత్రం రంగు విరిగిపోయి, కుళ్లిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు వెలువడుతుంది. అందువల్ల నిమ్మ ఉప్పు వేసే బాత్ బాంబుల్లో (స్నానపు నీళ్లలో వేస్తే పొంగే ఉండల్లో) దీన్ని వాడకూడదు. అల్ట్రామెరైన్ కలిపిన గిన్నెను వెనిగర్‌తో కడగకూడదు. ఇంతా చేసి, బట్టల కోసం అమ్మే పొట్లంలో అల్ట్రామెరైన్‌తో పాటు ఇంకేమి కలిపారో పొట్లం మీద ఉండదు కాబట్టి, కావలసింది ఇక్కడా కాస్మెటిక్ గ్రేడ్ పొడే. సీసాల్లో వచ్చే ద్రవ నీలం ఖనిజమే కాదు, అది వేరే రకం రంగు. దాన్ని అసలు వాడవద్దు.

అడిగినవారి మరో సందేహం

చాలా కృతజ్ఞతలండీ. సిందూరం, రెడ్ ఆక్సైడ్ రెండూ పక్కన పెట్టేశాను. మైకా గురించి మాత్రం ఇంకా భయంగా ఉంది. నీలి మైకాను చిన్న గిన్నెలో సబ్బు పిండికి కలిపి చూస్తే, ట్రేస్ వచ్చి (మిశ్రమం చిక్కబడి) అచ్చులో పోసేసరికి నీలం కాస్తా బూడిద రంగై, మర్నాటికి తుప్పు రంగుకు వచ్చింది. అది విషంగా మారిందా?

జవాబు

విషంగా మారలేదు, రంగు మాత్రం విరిగింది. మైకా అంటే మన అభ్రకమే. నెల్లూరు ప్రాంతంలో గూడూరు వైపు తవ్వేదీ అదే జాతి. అభ్రకానికి ఆ మెరుపే తప్ప అంత రంగు ఉండదు. పలుచని రేకుల మీద టైటానియం డైఆక్సైడ్, ఐరన్ ఆక్సైడ్ వంటివి పూతగా పట్టించి రంగులు తెప్పిస్తారు. నీలాల్లో కొన్నిటికి ఫెర్రిక్ ఫెర్రోసయనైడ్ పూత ఉంటుంది. చిత్రకారులు ప్రష్యన్ బ్లూ అనేది దీన్నే. క్షారంలో ఇది నిలవదు. ఇనుము హైడ్రాక్సైడ్‌గా విడిపోయి మీరు చూసిన తుప్పు రంగు వస్తుంది. పేరులో సయనైడ్ ఉందని కంగారు పడనక్కరలేదు. అందులో సయనైడ్ ఇనుముతో గట్టిగా బంధించబడి ఉంటుంది. ఫెర్రోసయనైడ్ లవణాలను వంట ఉప్పు గడ్డకట్టకుండా కలపడానికి చాలా దేశాల్లో అనుమతిస్తారు. ఆ ముక్కను కరిగించి ఆమ్లాలు పోసి ప్రయోగాలు మాత్రం చేయవద్దు.

ఇకమీదట మైకా కొనేటప్పుడు పొట్లం మీది రంగు పేరు చూడకండి, లోపలి పదార్థాల జాబితా చూడండి. రంగులకు సీఐ (కలర్ ఇండెక్స్) అనే గుర్తింపు నంబర్లుంటాయి: సీఐ 77019 మైకా, 77891 టైటానియం డైఆక్సైడ్, 77491 ఎర్ర ఐరన్ ఆక్సైడ్, 77492 పసుపు, 77499 నలుపు, 77007 అల్ట్రామెరైన్. ఇవన్నీ క్షారానికి నిలుస్తాయి. 77510 కనిపిస్తే అది మీకు తుప్పు రంగు తెచ్చిన పదార్థం. జాబితా లేకుండా పేరు మాత్రమే ఉన్న పొట్లాన్ని ఎంత చవకైనా కొనవద్దు.

మరొకరి జవాబు

పైన చెప్పినదంతా సబ్బు రుద్దుకునేవారి గురించి. నా ఉద్దేశంలో వీరికంటే ఎక్కువ ముప్పు సబ్బు చేసేవారికే. స్నానం చేసేవారి ఒంటి మీద ఆ రంగు నిమిషం ఉండి నీళ్లతో పోతుంది; పొడిని తూచి, జల్లించి, కలిపేవారు దాన్ని పీలుస్తారు. టైటానియం డైఆక్సైడ్ విషయంలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వ్యక్తం చేసిన అనుమానం కూడా పీల్చే దుమ్ము గురించే. కాబట్టి ఫ్యాన్ ఆపి, ఎన్95 మాస్కు పెట్టుకుని, పాప పక్క గదిలో ఉన్నప్పుడే పొట్లం విప్పండి. ఒక చెంచా పొడిని మూడు చెంచాల నూనెలో ముందుగా నూరి ముద్ద చేసుకుంటే, ఆ తర్వాత దుమ్ము లేవదు, సబ్బులో చుక్కలూ పడవు. చెంచాను వంటకు మళ్లీ వాడవద్దు.

మోతాదుకు వస్తే, ఆక్సైడ్, అల్ట్రామెరైన్ పొడులు కిలో నూనెకు అర చెంచా నుంచి ఒక చెంచా చాలు. నురుగు తెల్లగా రాక రంగు దిగుతున్నా, తువ్వాలుకు అంటుతున్నా మోతాదు మించినట్లే. పాపకు చేసే సబ్బులో రంగు, సువాసన రెండూ మానేయడమే నేను చెప్పేది. ఆ వయసు పిల్లలకు తెల్ల సబ్బైనా ఎర్ర సబ్బైనా ఒకటే.

అడిగినవారు

తెలిసినవారికి కొన్ని అమ్మమని అడుగుతున్నారండీ. దానికేమైనా అనుమతి కావాలా?

జవాబు

కావాలండీ. ఒంటి సబ్బు కూడా మన చట్టం దృష్టిలో కాస్మెటిక్కే. 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం అమ్మకానికి తయారుచేయాలంటే రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ నుంచి తయారీ లైసెన్సు తీసుకోవాలి. రంగులు కూడా భారతీయ ప్రమాణాల సంస్థ వారి ఐఎస్ 4707 మొదటి భాగంలోని జాబితాలో ఉన్నవే అయి ఉండాలి. రంగు అమ్మినవారిని ఆ బ్యాచ్ నంబరుకు సంబంధించిన భార లోహాల పరీక్షా పత్రం అడగండి. అందులో సీసం, ఆర్సెనిక్, పాదరసం అంకెలతో ఉండాలి. "సోప్ సేఫ్" అన్న ముద్ర మాత్రమే పంపితే ఆ దుకాణాన్ని వదిలేయండి.