పక్క సీటాయన మీద అనుమానం వస్తే సిబ్బందికి చెప్పడం తప్పా?

మూడులాంతర్లు_మేస్టారు:
మొన్న విశాఖ నుంచి హైదరాబాదు విమానంలో మా పక్కన గెడ్డమాయన పెదాలు కదుపుతూ ఏదో చదువుకుంటున్నాడు. మా ఆవిడకి గుండె దడ. సిబ్బందికి చెబితే ఆయన్ని లేపి బ్యాగంతా వెతికారు. ఏమీ లేదు. ఇంటికొచ్చాక మా అబ్బాయి మమ్మల్నే తిట్టాడు. 1985లో ఎయిర్ ఇండియా కనిష్క విమానంలో బాంబు పేలి 329 మంది పోయారు. జాగ్రత్త పడితే తప్పా?

సోంపేట_వెల్డర్:
మేస్టారూ, కనిష్కలో బాంబు సూట్‌కేసులో వచ్చింది. సూట్‌కేసు ఎక్కింది, దాని మనిషి ఎక్కలేదు. పక్క సీట్లో ఎవరిని చూసి దడుస్తారు? 2006 ఆగస్టులో ఆమ్‌స్టర్‌డామ్ నుంచి ముంబయి వస్తున్న విమానాన్ని ఎఫ్-16 యుద్ధ విమానాలు తోడుండి వెనక్కి దించాయి. 12 మంది మనోళ్ళని పట్టుకెళ్ళి మర్నాడు వదిలేశారు. లండన్‌లో ద్రవ బాంబుల కుట్ర బయటపడి రెండు వారాలే, టీవీల్లో అదే గోల.

మూడులాంతర్లు_మేస్టారు:
వాళ్ళు బెల్టులు తీసి ఫోన్లు అందించుకున్నారట. బెల్టు ఎందుకు తియ్యాలి?

గంటస్తంభం_కాఫీ:
మన బొబ్బిలి బస్సుకి బెల్టే లేదు కదండీ 😀

సోంపేట_వెల్డర్:
బెల్టు తీస్తే కసురుకోవాలి, ఎఫ్-16లేటండీ? మా ఊరోళ్ళు మొదటిసారి గల్ఫ్ ఎల్లినప్పుడు సగంమందికి బెల్టు పెట్టుకోడమే రాదు. నాను దుబాయ్ నుంచి వస్తుంటే పక్కామె సీటు మార్పించుకుంది. అది అయ్యప్ప మాల గెడ్డమని మైకులో చెప్పుకోవాలా? 2017లో కాన్సస్‌లో మన తెలుగు ఇంజనీరుని ఇరానీ అనుకుని కాల్చేశాడొకడు. 1986లో లండన్‌లో ఇజ్రాయెల్ విమానం ఎక్కబోయిన ఐరిష్ గర్భిణి బ్యాగులో బాంబు దొరికింది. ప్రియుడు పెట్టాడు, ఆమెకే తెలీదు. ప్రశ్నలడిగి, బ్యాగు వెతికి పట్టారు. మొహం చూసి పంపేసుంటే?

మూడులాంతర్లు_మేస్టారు:
బెల్టుకి జవాబు రాలేదు. సరే, 2025 మేలో మన విజయనగరంలోనే బాంబుల కుట్ర కేసులో ఒక కుర్రాణ్ణి అరెస్టు చెయ్యలేదా? టీవీ చూశాక మాకు నిద్రలేదు.

బాబామెట్ట_బుల్లెట్:
పట్టింది పోలీసులు, నిఘా పెట్టి. మీ ఆవిడగారి గుండె దడ పెట్టి కాదు. ఇన్నాళ్ళూ ఊరుకున్నాను మేస్టారూ, ఇక విమానం సంగతి వదిలెయ్యండి. మీ మేడమీద వాటాకి మా అన్నయ్య అడ్వాన్సు పట్టుకొచ్చాడు. "పేరేంటి బాబూ" అన్నారు. చెప్పాక "అయ్యో, పొద్దున్నే ఇచ్చేశాం" అన్నారు. నాలుగు నెలలు టులెట్ బోర్డు అలాగే వేలాడింది. అది 2019. అప్పటికి ఏ టీవీ చూశారు?

మూడులాంతర్లు_మేస్టారు:
అది వేరే విషయం. మేం శాకాహారులం, వాసన పడదు.

గంటస్తంభం_కాఫీ:
మీ కింద వాటావాళ్ళు ఆదివారం పూట చేపల పులుసు పెడతారు కదా, మాకే నోరూరుతుంది.

మూడులాంతర్లు_మేస్టారు:
నువ్వెవరు? మా వీధేనా?

సోంపేట_వెల్డర్:
మేస్టారూ, బెల్టు సంగతి మర్చిపోనారేటి?