పోలియో చుక్కలతో పాటే మిగతా టీకాలూ వేయించాలంటే ఎవరిని పట్టుకోవాలి?

నమస్కారమండీ. హైదరాబాద్‌లో బాలాపూర్ వైపు గుడిసెల్లో ఉండే శరణార్థి, వలస కూలీ కుటుంబాల మధ్య వాలంటీరుగా పనిచేస్తున్నాను. పల్స్ పోలియో ఆదివారం ఇక్కడ చిటికెన వేలి మీద సిరా గుర్తు లేని పిల్లాడు దొరకడు. అదే పిల్లాడికి పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు ఒకే టీకా), మీజిల్స్-రుబెల్లా (తట్టు టీకా) పడ్డాయా అంటే తల్లి దగ్గర కార్డే ఉండదు. గుడిసె మారినప్పుడు పోయిందంటుంది.

మందుల క్యాంపు వాళ్లు ఒకరోజు, ఏఎన్ఎం (టీకాలు వేసే ప్రభుత్వ నర్సు) ఇంకోరోజు, పోలియో బృందం మరోరోజు. ఎవరి జాబితా వాళ్లదే! 2011 జనవరి తర్వాత దేశంలో వైల్డ్ పోలియో (సహజ వైరస్‌తో వచ్చేది) కేసు లేదు, నిజమే. కానీ 2016లో మన నగరం మురుగునీటిలోనే టీకా చుక్కల్లోని వైరస్ మారి పుట్టిన టైప్-2 పోలియో వైరస్ దొరికింది. ఇప్పటి చుక్కల్లో టైప్-2 లేదు, దానికి ఇంజెక్షనే దిక్కు. అందుకే నాకీ టెన్షన్.

ఏఎన్ఎంలుగానో, మైక్రోప్లాన్ (ఏ బృందం ఎప్పుడు ఎక్కడికెళ్లాలో రాసే ప్రణాళిక) తయారీలోనో పనిచేసినవాళ్లు కాస్త చెప్పండి. పోలియో బృందం ఇల్లిల్లూ తిరిగేటప్పుడే టీకాలు బాకీ ఉన్న పిల్లల పేర్లు రాయించి, ఆ వారంలోనే బస్తీలో సెషన్ పెట్టించాలంటే ఎవరిని అడగాలి? పట్టణ ఆరోగ్య కేంద్రం డాక్టరునా, జిల్లా ఇమ్యునైజేషన్ అధికారినా? కార్డు లేని పిల్లలకు మొదటి డోసు నుంచే మొదలుపెడతారా? పేర్లు రాసుకుంటే పోలీసులకిస్తారేమోనని వీళ్ల భయం. ఆధార్ లేనివాళ్లను టీకాలు నమోదు చేసే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక యూ-విన్‌లో మీరెలా నమోదు చేయించారు?