సిస్టమ్ విసిగించిందని ఆపిల్ షేర్లు కొనొచ్చా?

పాలకొల్లు మేతకొట్టు:
నమస్కారం అండి. మాది పాలకొల్లు దగ్గర రొయ్యల మేత, మందుల కొట్టు. మొన్న చెరువుల్లో రొయ్యలు పట్టే టైములో రైతులు బిల్లుల కోసం నిలబడి ఉండగా కంప్యూటర్ దానంతట అదే అప్‌డేట్ మొదలుపెట్టి గంటన్నర కదల్లేదు, లేచాక ప్రింటర్‌ని గుర్తుపట్టలేదు, ఆ రోజు బిల్లులన్నీ చేత్తోనే రాశాం. ఏ సిస్టమో చెప్పను, ఇలా జరగడం మాత్రం మూడోసారి. మా మేనకోడలి ఎం1 మ్యాక్‌బుక్, అంటే ఆపిల్ ల్యాప్‌టాప్ చూస్తే కొన్నప్పటి నుంచి ఒక్క తంటా లేదు. అందుకే ఈ పంటలో మిగిలిన మూడు లక్షలూ ఆపిల్ షేర్లలో పెడదామనుకుంటున్నాను. ఇంట్లో బంగారం కొనమంటున్నారు. మీరేమంటారు?

భీమవరం చెరువుగట్టు:
నేను 2019 నుంచి అట్టేపెట్టుకున్నానండి, లాభంలోనే ఉన్నాను. అయినా మీ కారణం నాకు నచ్చలేదు. 2024 సెప్టెంబర్‌తో ముగిసిన ఏడాదిలో ఆపిల్ అమ్మకాలు సుమారు 39,100 కోట్ల డాలర్లు. అందులో మ్యాక్, అంటే వాళ్ల కంప్యూటర్ల వాటా 3,000 కోట్లే. రూపాయి అనుకుంటే అర్ధరూపాయి పైన ఐఫోన్ నుంచి, పావలా సర్వీసుల నుంచి, మ్యాక్ నుంచి ఎనిమిది పైసలు కూడా రావు.

ఇంకోటి, నాకు అసలు భయం ఇదే. 2025 ఏప్రిల్ మొదట్లో అమెరికా సుంకాలు ప్రకటించగానే ఇక్కడ్నుంచి అక్కడికి ఎగుమతయ్యే రొయ్య రేటు పడింది, అక్కడ అదే వారంలో ఆపిల్ షేరూ బాగా పడింది, ఎందుకంటే వాళ్ల ఫోన్లు ఎక్కువగా తయారయ్యేది చైనాలో. మీ కొట్టు నడిచేదే రొయ్య మీద. రైతు బాకీ కట్టలేక మీకు డబ్బు అవసరమైన రోజునే షేరు కూడా కింద ఉంటే ఏం చేస్తారు? మూడు లక్షలూ వద్దు.

అంబాజీపేట కొబ్బరి:
విసుగు ఒక్కటే ఉంటే జనం మారిపోరండి. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది, విండోస్ 11కేమో టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, దాంతో బాగా నడుస్తున్న మిషన్లు కూడా పక్కన పడ్డాయి. కోపం అందరికీ వచ్చింది. అయినా కొట్టువాడు మ్యాక్ కొంటాడా? బిల్లులూ లెక్కలూ రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ దానిమీద నేరుగా నడవదు, ధరేమో రెట్టింపు. పైగా 1997లో ఆపిల్ మునిగిపోయే స్థితిలో ఉంటే 15 కోట్ల డాలర్లు పెట్టింది విండోస్ తయారుచేసే మైక్రోసాఫ్టే. ఒకరి మీద కోపంతో రెండోవాళ్ల షేరు కొనడం నాకైతే అర్థం కాదు.

తణుకు లెక్కలు:
కొనేముందు పన్ను సంగతి చూసుకోండి. డివిడెండ్‌లో 25 శాతం అమెరికాలోనే కోస్తారు, దాన్ని మన పన్నులో సర్దుకోవచ్చు. రెండేళ్లు దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతం. ఒక్క షేరున్నా రిటర్నులో షెడ్యూల్ ఎఫ్‌ఏ, అంటే విదేశీ ఆస్తుల పట్టిక నింపాలి. మీరు కొట్టుకి చిన్న వ్యాపారుల సులభ రిటర్ను సుగమ్, అంటే ఐటీఆర్-4 వేస్తుంటే అది ఇక కుదరదు, ఐటీఆర్-3కి మారాలి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తున్నారు.

పాలకొల్లు మేతకొట్టు:
అందరికీ థాంక్సండి. రొయ్య రేటూ, షేరూ ఒకేసారి పడతాయని నాకు తట్టనే లేదు. ఆ ఏప్రిల్లో రాని బాకీలు ఇంకా నా పుస్తకంలో ఉన్నాయి. రెండు లక్షలు బ్యాంకులో వేసి, ఒక్క లక్షకే కొంటాను, అదీ ఐటీఆర్ సంగతి మా ఆడిటర్ గారిని అడిగాకే. కంప్యూటర్‌కి మాత్రం ఇకమీదట అప్‌డేట్లన్నీ రాత్రి కొట్టు కట్టేశాకే పెడతాను. తణుకు గారూ, షేరు కొన్నది మార్చిలో అయితే ఎఫ్‌ఏలో ఏ ఏడాది చూపించాలండి?